ముప్పాతిక ఇళ్ళు

మా ఎదురింటివారు ఎవరి సలహా విన్నారో గాని, రంగులు మానేసి గోడలకు పాతకాలపు సున్నం వేయిస్తున్నారు. ఈ పొద్దున వీధిలో తొట్టి పెట్టి గుల్లసున్నం మీద నీళ్ళు పోశారు. అది బుసబుసమంటూ ఉడకటం మొదలుపెట్టగానే ఆ వేడీ, ముక్కులో సూదులు గుచ్చే ఆ వాసనా మా వరండాలోకి వచ్చాయి. పేపరు చదువుకుంటున్న వాణ్ణి లేచి నిలబడ్డాను. "ఎక్కడికి?" అంది మా ఆవిడ. ఎక్కడికో నాకూ తెలియదు. చెప్పులు మాత్రం తొడుక్కున్నాను. ఎనభయ్యో పడిలో ఉన్న మనిషి కారణం లేకుండా చెప్పులు తొడుక్కుంటే ఇంట్లోవాళ్ళు కంగారుపడతారు. కారణం ఉంది. దాని పేరు యలమందయ్యగారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది గాని, నన్ను ఒకచోట ఉండనివ్వకపోవటం మాత్రం ఇంకా మానలేదు.

యలమందయ్యగారు నరసరావుపేటలో పుస్తకాలు ప్రచురించేవారు. అందులో వింతేమీ లేదు. ఆ రోజుల్లో కాస్త పెద్ద ఊరైతే చాలు, పద్యాలో నాటకాలో పంచాంగాలో అచ్చువేసే పెద్దమనిషి ఒకరు ఉండేవారు. ఈయన అచ్చువేసింది ఇళ్ళు కట్టే పుస్తకాలు. అవి తప్ప మరేమీ వేయలేదు. శుభలేఖలు వేయమని వచ్చినవాళ్ళను కూడా, "కాపరం పెట్టేటప్పుడు రాండి, ఇంటి ప్లాను ఇస్తా" అని పంపేసేవారు. రైలుస్టేషనుకు దగ్గర్లో ఒక పొడుగాటి గది, అందులో కాలితో తొక్కే అచ్చుమిషను, నాలుగు టైపు కేసులు, ఒక కుర్చీ. ఆ కుర్చీ మీద అచ్చయిన కాగితాలు ఉండేవి, మనిషి ఉండగా నేను చూసింది ఒక్కసారే. ఆయన ప్రూఫులు నడుస్తూ దిద్దేవారు. దిద్దిన గీతల వంకరను బట్టి ఆయన గదిలో ఏ మూల మలుపు తిరిగారో చెప్పవచ్చు. సన్నటి మనిషి. మోకాళ్ళ దాకా ఎగగట్టిన పంచె, చెవి మీద పెన్సిలు, నడుముకు చుట్టుకున్న కొలటేపు. జంధ్యం లేని లోటును ఆ టేపుతో తీర్చుకుంటున్నారని ఊళ్ళో అనుకునేవారు.

నేను గుంటూరులో బి.ఏ. అయిందనిపించుకుని, మద్రాసులో ఒక ఆఫీసులో గుమాస్తా పనికి దరఖాస్తు పెట్టి, జవాబు వచ్చేలోగా ఓ మూడు నెలలు ఎక్కడైనా కాలక్షేపం చేద్దామని ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన నా సర్టిఫికెట్టు చూడలేదు. ఒక ఇంటి ప్లాను నా ముందు పడేశారు.

"ఇది ఇల్లు. నువ్వు ఈ గదిలో పడుకున్నావు. తెల్లారింది. మొహం కడుక్కోవాల. ఎటు పోతావు?"

నేను వేలితో బయలుదేరి, కాస్త తటపటాయించి, నమ్మకంగా ఒకచోట ఆగాను.

"ఎక్కడున్నావు?"

"నూతి దగ్గరండీ."

"వడ్లకొట్లో ఉన్నావు. రెండు గోడల్లోంచి పోయావు." నన్ను జాలిగా చూశారు. "ఏందయ్యా, బి.ఏ. చదివి ఇంట్లోంచి బయటికి రాలేకపోయావు. రేపట్నుంచి రా."

"ఉద్యోగం ఇచ్చినట్టాండీ?"

"దారి తెలిసేదాకా ఉండు."

అంతకు ముందు ఆయన సర్కారు ఇంజనీరు ఆఫీసులో ట్రేసరు. అంటే ఒకరు గీసిన ప్లాను మీద మైనపుగుడ్డ పరిచి, అదే ప్లాను మళ్ళీ గీయటం. అక్కడి ప్లానులన్నీ ఇంగ్లీషు పుస్తకాల్లోవి. వాటిలో ప్రతి బంగళాకూ చలి కాచుకోవటానికి గోడలో ఒక నిప్పుగూడు ఉండేది. మన ఎండల్లో నిప్పుగూడు ఉన్న బంగళాను పదకొండుసార్లు గీశాక పన్నెండోసారికి ఆయన చెయ్యి కదల్లేదట. రాజీనామా రాసి ఇచ్చి, టేపు ఒకటి కొనుక్కుని, పల్నాడంతా కాలినడకన తిరిగారు. మాచర్ల వైపు నాపరాళ్ళతో కప్పు ఎలా వేస్తున్నారు, వెల్దుర్తిలో రైతు తన మంచానికీ ఎడ్ల గాడికీ మధ్య ఎంత దూరం ఉంచుకుంటున్నాడు, వైశాఖంలో మిట్టమధ్యాహ్నం ఇంటి ముసలమ్మ ఏ గోడ పక్కకు చేరుతోంది, ఇవన్నీ కొలిచి రాసుకున్నారు. పన్నులవాడేమోనని భయపడి ఇంటివాళ్ళు కొలతలు తగ్గించి చెప్పేవారట. అందుకని టేపు రెండు కొసలూ ఆయనే పట్టుకునేవారు. అదెలా సాధ్యమని అడిగితే, "ఒక కొస కాలి కింద" అనేవారు.

ఆ తిరుగుడు మీద మొదటి పుస్తకం రాసి అచ్చువేశారు. దాదాపు అన్నీ అక్షరాలే, మధ్యమధ్య చూడటానికి నాలుగు బొమ్మలు. చాలా మంచి పుస్తకమని ఇళ్ళు కట్టనివాళ్ళందరూ మెచ్చుకున్నారు. అప్పుడు వచ్చాడు నకరికల్లు నుంచి ఖాసిం సాహెబు. రాతిపనిలో ఆ చుట్టుపక్కల పెద్ద మేస్త్రీ, ఎర్రటి గడ్డం, రాయిని చూసి అది ఏ గనిదో చెప్పగలవాడు. ఆ రోజు జరిగింది మేస్త్రీయే తరువాత నాకు నటించి మరీ చూపించాడు. పుస్తకాన్ని రెండు చేతులతో గౌరవంగా తిరిగి ఇచ్చేసి, "సారూ, చానా బాగుంది. చదివి చెప్పటానికి ఓ మడిసిని గూడా దీంతో పాటే ఇయ్యండి" అన్నాడట.

"బొమ్మలున్నయ్ గదా మేస్త్రీ?"

"ఉన్నయ్. చూడముచ్చటగా ఉన్నయ్. అదే బొమ్మ కొల ప్రకారం గీస్తే మాకు అచ్చరాలెందుకు సారూ? ఈనెపుల్ల ఒకటి చాలు."

మామూలు మనిషైతే బాధపడేవాడు. ఈయన ఆ మర్నాడే ఆ పుస్తకం టైపంతా విప్పేయించారు. అలా పుట్టింది 'బొమ్మల మేస్త్రీ.' ఇరవై ఇళ్ళు, ఒక పశువులపాక, ఒక బడి, అన్నీ ప్లానులే. మేస్త్రీ చెయ్యాల్సింది ఒకటే. ఈనెపుల్ల బొమ్మలోని గోడ మీద పెట్టి తుంచుకోవాలి. ఆ పుల్లను తన గజంబద్ద మీద పెట్టి అంగుళాలు చూసుకోవాలి. బొమ్మ మీద ఒక అంగుళం అంటే నేల మీద నాలుగడుగులు. మొదటి పేజీలో పుల్ల పట్టుకున్న చెయ్యి బొమ్మ, దాని కింద ఒక అంగుళం గీత, గీత పక్కన నాలుగు పాదాలు ఉండేవి. పుస్తకం అమ్మేటప్పుడు ఆయన ఆ పేజీ తెరిచి, కొన్నవాడి వేలు ఆ గీత మీద పెట్టించి, "బొమ్మను నమ్ము. నీ కంటే ఎక్కువ నమ్ము" అని చెప్పి పంపేవారు. పల్నాట్లో ఒకరి మాట ఒకరు నమ్మాలంటే సాక్షులు కావాలి. బొమ్మను మాత్రం సాక్షులు లేకుండా నమ్మారు.

ఆయనకు ఇంకో పద్ధతి ఉండేది. ఎవడు పుస్తకం అడిగినా, "పేరేంది? ఏ ఊరు? ఏం కడతన్నావు?" అని అడిగి ఒక నోటుబుక్కులో రాసుకునేవారు. "ఊరికే చూద్దామని" అన్నవాడికి అమ్మేవారు కాదు. "కట్టేటప్పుడు రా." సంతలో పుస్తకాలు అమ్ముతూ ఈ తతంగం ఏమిటని నాకు విసుగ్గా ఉండేది. నా మూడు నెలలు ఎప్పుడో దాటిపోయాయి. మద్రాసు ఉత్తరం రాలేదు. రోజూ రెండుసార్లు పోస్టాఫీసుకు వెళ్ళి వచ్చేవాణ్ణి. ఒక గదిలో ఇద్దరు నిలకడలేని మనుషులు. ఆయన ధ్యాస ఎప్పుడూ ఏదో ఊళ్ళో పునాది మీద, నాది మద్రాసు రైలు మీద. ఆ అచ్చుమిషను ఒక్కటే మాలో స్థిమితంగా ఉండేది, అదీ తొక్కనప్పుడు.

రెండో ప్రపంచ యుద్ధం మా గదిలోకి కాగితం లేకపోవటం రూపంలో వచ్చింది. పర్మిట్టు మీద దొరికిన కాగితంతో పాత సైజు పుస్తకం రెండోసారి వేయటానికి వీల్లేదు. కోతలు అయిపోయి రైతులు ఇళ్ళ పనుల మీద పడే రోజులు దగ్గరకొస్తున్నాయి. యలమందయ్యగారు రెండు రోజులు గదిలో నడిచి, మూడోరోజున ఆగకుండానే తీర్మానం చెప్పారు. పుస్తకం సైజు తగ్గించాలి. బొమ్మలన్నీ ముప్పాతికకు తగ్గించి మద్రాసులో కొత్త అచ్చుబ్లాకులు చేయించాలి. ఆయన ఆ పొద్దునే వెల్దుర్తి ప్రయాణమవుతున్నారు. గుమ్మంలో ఆగి, "బొమ్మ తగ్గితే కొల మారిద్ది. మొదటి పేజీలో గీత మార్చటం మర్చిపోమాక" అన్నారు.

"అలాగేనండీ" అన్నాను.

అప్పుడు నా చేతిలో మద్రాసు ఉత్తరం ఉంది. ఆ నిమిషానే వచ్చింది. వేసవి చివర ఫలానా తేదీన స్వయంగా హాజరు కావలెనని ఉంది. ఆయన మాట నా చెవిదాకా వచ్చి, లోపల చోటు లేక బయటే నిలబడిపోయింది.

బ్లాకులు నేనే పంపాను, నేనే తెప్పించాను. ఉన్న నాలుగు మాటలనూ మూడుసార్లు ప్రూఫు చూశాను. తలకిందులుగా పడిన అక్షరాన్ని ఒకదాన్ని పట్టుకుని, కాలేజీ చదువు వృథా కాలేదని సంతోషించాను. మొదటి పేజీలో చెయ్యీ గీతా ఉన్న బొమ్మకు పాత బ్లాకే పనికొస్తుందని దాన్నే వాడాను. పనికొచ్చింది కూడా, పేజీలో చక్కగా ఇమిడింది. ఆయన తిరిగి వచ్చేసరికి పుస్తకాలు కుట్టు మీద ఉన్నాయి, బయట మేస్త్రీలు అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"కొల చూశావా?"

"చూశానండీ" అన్నాను. చూసిన మాట నిజం. అంగుళం గీత అంగుళమే ఉంది.

నెలన్నర తిరక్కుండా ఖాసిం సాహెబు వచ్చాడు. చేతిలో పుస్తకం, పుస్తకంలో పుల్ల.

"సారూ, నకరికల్లులో ఒకాయనకి ఇంటికి ముగ్గు పోశా. ఆయన ఇంటిదానికి నమ్మకం తక్కువ. మంచం తెచ్చి ముగ్గులో ఏసింది. కాళ్ళు రెండూ గోడ అవతల ఉన్నయ్."

"మంచం పెద్దదేమో" అన్నాను నేను.

మేస్త్రీ నా వంక కూడా చూడలేదు. "నాకూ అనుమానమొచ్చింది గాని సారూ, యుద్ధం గదా! బట్ట తగ్గించారు, చక్కెర తగ్గించారు, కిరసనాయిలు తగ్గించారు. ఇళ్ళు గూడా తగ్గించమని సర్కారోళ్ళు చెప్పారేమో, మీరు బొమ్మల్లో తగ్గించారేమో అనుకున్నా. మా ఓళ్ళందరూ అదే అనుకుంటన్నారు. ఎవురూ ఏం అడగట్లా. బొమ్మను నమ్మమన్నారు గదా మీరు."

యలమందయ్యగారు ఆ పుల్ల తీసుకుని బొమ్మ మీద పెట్టారు. మొదటి పేజీ తిప్పి గీత మీద పెట్టారు. తరువాత చేసిన పని చూసి నాకు నిజంగా భయం వేసింది. కుర్చీలో, ఆ కాగితాల మీదే, కూర్చున్నారు. పన్నెండడుగుల గది తొమ్మిదడుగులు అవుతుంది. ఆరడుగుల వసారా నాలుగున్నర అవుతుంది. పల్నాడంతటా మనుషులు తమ జన్మలో ఒకేసారి కట్టుకునే ఇళ్ళు ముప్పాతిక ఇళ్ళుగా లేస్తున్నాయి.

"అందరికీ ఉత్తరాలు రాద్దామండీ" అన్నాను నీరసంగా.

"చదవలేనోళ్ళకు బొమ్మల పుస్తకం అమ్మి, తప్పు జరిగిందని ఉత్తరం రాస్తావా?" అని లేచారు. నోటుబుక్కు తీశారు. నేను విసుక్కున్న ఆ పేర్లు, ఊళ్ళు, 'ఏం కడతన్నావు'లు అన్నీ వరసగా ఉన్నాయి. "గోడలు లేవకముందు చేరాల. పద."

కొత్త గీత అచ్చువేసి ఇవ్వటానికి కాగితం లేదు. ఖాసిం సాహెబు తాటాకులు తెప్పించి, వేలెడు వెడల్పున చీల్చి, కత్తిమొనతో గీతలు పెట్టాడు. ముప్పాతిక అంగుళానికొక గీత, ఒక్కో గీత నాలుగడుగులు. బొమ్మ మీద ఆ ఆకు పెట్టి చూసుకుంటే సరి. ఆకుల కట్ట చంకన పెట్టుకుని యలమందయ్యగారు, ఆయన వెనక నేను, నా వెనక ఖాసిం సాహెబు. ఆయన్ను రమ్మని ఎవరూ అడగలేదు. "నా పుల్ల గూడా మోసపోయింది గదా" అన్నాడు.

ఆ వేసవి అంతా ప్రయాణమే. బొగ్గుతో నడిచే బస్సు మిట్టల దగ్గర ఆగితే మేం దిగి తోసేవాళ్ళం. దిగకుండా మిట్ట ఎక్కిన రోజు గుర్తులేదు. రైల్లో ఆయన నిలబడే ఉండేవారు, కూర్చుంటే రైలు ఆలస్యమవుతుందన్నట్టు. ఊళ్ళోకి వెళ్ళటం, మేస్త్రీని పట్టుకోవటం, "తప్పు నాది" అని మొదలుపెట్టటం, పుల్ల విరిచి ఆకు ఇవ్వటం, మళ్ళీ ముగ్గు పోయించటం. కొన్నిచోట్ల తిట్టారు. కొన్నిచోట్ల తిట్టకుండా మజ్జిగ ఇచ్చారు, అది ఆయనకు ఇంకా కష్టంగా ఉండేది. వెల్దుర్తిలో ఒక రైతు అసలు ఒప్పుకోలేదు.

"చిన్నదే బాగుందయ్యా. చుట్టాలొస్తే పడుకోటానికి చోటుండదు. ఇట్టాగే ఉండనీ."

"నీ చుట్టాల సంగతి నాకు తెలవదు. నా బొమ్మలో చుట్టాలకు గూడా చోటుంది" అని ఆయన కూర్చోకుండా, కదలకుండా, ఎండలో నిలబడి ముగ్గు మార్పించారు. మేం వెళ్ళిపోతుంటే వెనకనుంచి ఎవరో, "ఒరేయ్, పుస్తకాలాయన మళ్ళీ వచ్చేలోపల గోడలు లేపండ్రా!" అని అరిచారు.

నోటుబుక్కులో ఒక పేరు కింద ఆయన రెండు గీతలు గీసి ఉంచారు. మాణిక్యమ్మ, బొల్లాపల్లి అవతల ఒక పల్లె. ఏం కడుతున్నారన్న చోట 'బడి' అని ఉంది. వినుకొండ దాకా రైలు, అక్కడినుంచి ఒంటెద్దు బండి. బండి నెమ్మదిగా ఉందని ఆయన సగం దారి దిగి ముందు నడిచారు. మాణిక్యమ్మగారు ఆ పల్లెలో క్రైస్తవుల పిల్లలకు చెట్టు కింద పాఠాలు చెప్పే పంతులమ్మ. గోడలూ కప్పూ ఉండి, పిల్లలందరూ లోపల కూర్చునే గది ఉంటేనే బడికి గుర్తింపు ఇస్తామని, వానలకు ముందు ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడని పైనుంచి తాఖీదు వచ్చింది. గుర్తింపు లేకపోతే బడి మూసెయ్యాలి. ఆ దగ్గర్లో వాళ్ళను రానిచ్చే బడి మరొకటి లేదు. పల్లెవాళ్ళందరూ కూలికి పోయేవాళ్ళు. ఆదివారం ప్రార్థన అయ్యాక బీళ్ళలోంచి రాళ్ళు ఏరి మోసుకొచ్చి అడుసుతో తామే కడుతున్నారు.

మేం వెళ్ళేసరికి గోడలు రొమ్ములెత్తు లేచాయి. యలమందయ్యగారు లోపల అడుగులు వేసి చూశారు. ఇరవైనాలుగు ఉండాల్సినచోట పద్దెనిమిది, పదహారు ఉండాల్సినచోట పన్నెండు.

మాణిక్యమ్మగారు బక్కపలచటి మనిషి, దారంతో చెవులకు కట్టుకున్న కళ్ళద్దాలు. "నలభైమంది పిల్లలండీ" అంది. "మొన్న కూర్చోబెట్టి చూశా. ఇరవై రెండుమందికే నిండిపోయింది. బొమ్మ తప్పు కాదులే, మా పిల్లలే లావయ్యారేమో అనుకున్నా. వాళ్ళను చూస్తే అట్టా అనిపించలా. ఇనస్పెక్టరుగారు వచ్చిననాడు సగంమందికి జొరమొచ్చిందని చెబుదామా అని ఆలోచిస్తన్నా."

"అమ్మా, మీ పిల్లలు లావవలేదు. బొమ్మ తప్పు. తప్పు నాది. ఈ గోడలు పడగొట్టాల."

రాయి భుజాన పెట్టుకుని వస్తున్న యేసోబు అనే అతను ఆగిపోయాడు. రాయి దించలేదు. "ఏందయ్యా, పడగొట్టాల్నా? ఏడు ఆదివారాలు మోశాం. మా ఆడోళ్ళు గుడికాణ్ణించి ఇంటికి పోకుండా ఇటే వచ్చారు. ఇయ్యి నీ పుస్తకంలో రాళ్ళు కావు, పడగొట్టమంటే పడటానికి."

అందరూ యలమందయ్యగారినే చూస్తున్నారు. ఆయన తల వంచుకుని నిలబడ్డారు. అప్పటికి ఎన్నో ఊళ్ళలో "తప్పు నాది" అన్నమాట విన్నాను, ప్రతిచోటా ఆయన పక్కనే ఆకులు అందిస్తూ నిలబడ్డాను. ఆ పూట ఎందుకో నా నోరు నా మాట వినలేదు.

"తప్పు ఆయనది కాదు. గీత మార్చమని ఆయన చెప్పారు. బ్లాకులు పంపింది నేను, చూశానని చెప్పింది నేను."

ఆయన నావైపు తిరిగారు. కోపం కంటే చిరాకే ఎక్కువ కనబడింది ఆ మొహంలో.

"పుస్తకం మీద నీ పేరుందా?"

"లేదండీ."

"మరి ఊరుకో."

మాణిక్యమ్మగారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "తప్పు పంచుకోటం అయ్యాక చెప్పండి" అంది, "ఏ గోడ పడగొట్టాలో."

ఖాసిం సాహెబు అప్పటికే గోడ చుట్టూ తిరిగి వచ్చాడు. "నాలుగూ అక్కర్లా. తూరుపు, ఉత్తరం ఉండనీండి, పొడిగిస్తా. తక్కిన రెండూ తీసి అవతల పెడదాం. మందం గూడా ముప్పాతికే గదా, రాతికప్పు మొయ్యవు ఈ గోడలు. తాటాకు కప్పుదాం." యలమందయ్యగారు చొక్కా విప్పి బండి మీద పడేసి, దక్షిణపు గోడ మీది మొదటి రాయి తన చేత్తో తీశారు. యేసోబు భుజం మీది రాయితో ఆయన్ను కాసేపు చూసి, దాన్ని కొత్త గోడ రావాల్సినచోట దించాడు. ఆ తరువాత ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు, నన్ను తప్ప. నన్ను అందరూ అన్నారు.

"అబ్బాయ్, రాయిని పుస్తకం పట్టుకున్నట్టు పడతన్నావ్. కడుపుకి ఆనించుకో" అన్నాడు యేసోబు.

"ఆనించుకున్నా."

"చదువుకున్న కడుపు గదా, ఆనట్లా."

ఇన్‌స్పెక్టరు వస్తాడన్న రోజుకు పదిరోజులు లేవు. పగలు కూలికి పోయేవాళ్ళు ఇప్పుడు పొద్దుగూకేముందు రెండేసి గంటలు కూడా వచ్చారు. పునాది తవ్వటం, రాళ్ళు మార్చటం మా వంతు. నాలుగోరోజుకు గోడల వరస కుదరగానే యలమందయ్యగారి కాళ్ళు ఆగలేదు. నోటుబుక్కులో ఇంకా ఊళ్ళున్నాయి. "నువ్వుండు, కప్పు పడ్డాక రా" అని నన్నూ మేస్త్రీనీ వదిలి, ఆకుల కట్టతో వెళ్ళిపోయారు. మద్రాసులో హాజరు కావలసిన తేదీ ఆ గోడల మధ్య ఎక్కడో జారిపోయింది. వెతకలేదు.

ఇన్‌స్పెక్టరు గొడుగు వేసుకుని వచ్చాడు. టేపు తెప్పించి పొడుగూ వెడల్పూ చూశాడు. తాటాకు కప్పు ఇంకా పచ్చివాసన వేస్తోంది. పిల్లల్ని లోపలికి పిలవమన్నాడు. నలభైమందీ వరసగా వచ్చి కూర్చున్నారు. చివరి పిల్ల కూర్చున్నాక కూడా గోడ వారన చారెడు చోటు మిగిలింది. అతను లెక్కపెట్టి, ఏదో రాసుకుని, "సరిపోయింది. గుర్తింపుకు రాస్తాను" అన్నాడు. యేసోబు తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు, చెమటకని అనుకోవాలి. మాణిక్యమ్మగారు మాత్రం ఆ మిగిలిన చోటునే చూస్తోంది. "ఇంకో ఇద్దరు పడతారు" అని గొణిగి, గబగబా బయటికి పోయి, మేకలు తోలుకుపోతున్న అన్నదమ్ములిద్దర్నీ రెక్కలు పట్టుకుని లాక్కొచ్చి అక్కడ కూర్చోబెట్టింది. మేకలు ఇన్‌స్పెక్టరు గొడుగు దగ్గర ఆగాయి.

నేను నరసరావుపేటకు తిరిగి వచ్చేసరికి నోటుబుక్కులో పేర్లన్నిటికీ పక్కన గుర్తులు పడ్డాయి. ఇద్దరికి గోడలు పూర్తయిపోయాయి. వాళ్ళ వసారాలు తీసి వేయించే పని ఖాసిం సాహెబు మీద పడింది. అయినా యలమందయ్యగారు నడక ఆపలేదు. అమ్ముడుపోయిన పుస్తకాలకూ పేర్లకూ పొంతన కుదరటం లేదు. ఒక పుస్తకానికి పేరు లేదు.

నాకు గుర్తొచ్చింది. మాచర్ల సంతలో ఆయన ఎవరి ఇల్లో కొలవటానికి పోతూ సంచి నాకు అప్పగించారు. రైలు కూసింది. ఒక మనిషి పరుగున వచ్చి పుస్తకం అడిగాడు. ఇచ్చేసి నేనూ స్టేషనుకు పరిగెత్తాను.

"పేరేంది?"

"అడగలేదండీ."

"ఏం కడతన్నాడు?"

"అడగలేదండీ."

"మనిషి ఎట్టా ఉంటాడు?"

"తలపాగా ఉందండీ."

"మాచర్ల సంతలో తలపాగా ఉన్నోడు" అన్నారు ఆయన మెల్లిగా, ఆ ఆనవాలు చాలా విలువైనదన్నట్టు. ఆ తరువాత ఆయన ఏ వారమూ మాచర్ల సంత మానలేదు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ అడిగారు. కృష్ణ దాటి అవతలికి కూడా పోయి వచ్చారు. నేనూ వెంట పోయేవాణ్ణి. పోస్టాఫీసుకు పోవటం మానేశాను.

యుద్ధం అయ్యాక కాగితం దొరికి, 'బొమ్మల మేస్త్రీ' మళ్ళీ పాత సైజులో వేశాం. మొదటి పేజీలున్న ఫారం కాగితం అచ్చయి రాగానే చూశాను. ఆయన పేరు కింద చిన్న అక్షరాల్లో, 'కొలతలు సరిచూచినవారు' అని, నా పేరు ఉంది. నాకు చెప్పకుండా ఆయనే స్వయంగా కూర్చి పెట్టారు. ఆ కాగితం పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను.

"ఇంక నీకు గూడా వస్తయ్ లే, తిట్లు" అన్నారు ఆయన, మిషను చుట్టూ తిరుగుతూ.

ఆపైన మూడేళ్ళు కలిసి తిరిగాం, ఇంకో నాలుగు పుస్తకాలు వేశాం. తరువాత ఒక సంతరోజున మాచర్ల నుంచి జ్వరంతో వచ్చి, వారం మంచాన ఉండి, మంచం మీదే పోయారు. ఆయన స్వభావానికి విరుద్ధంగా ఆయన చేసిన పని నాకు తెలిసినంతవరకు, ఆ కుర్చీలో కూర్చోవటం కాక, అదొక్కటే. చివరి రెండురోజులు మాట సరిగ్గా రాలేదు. నేను గుమ్మంలోకి వచ్చినప్పుడల్లా కళ్ళతో ఒక ప్రశ్న వేసేవారు. లేదండీ, ఈ వారం కూడా కనపడలేదండీ, అనేవాణ్ణి.

కొన్నాళ్ళు ప్రెస్సు నేను నడిపాను. తరువాత ఉద్యోగాలు, ఊళ్ళు, పెళ్ళి, పిల్లలు, అందరికీ ఉండేవే. కాని ఎక్కడికి పోయినా రోడ్డు వారన చిన్న ఇల్లు కనబడితే నా కాళ్ళు ఆగుతాయి. బస్సు దిగి మరీ చూసినవి ఉన్నాయి. వసారా మీద అడుగులు వేస్తాను. ఆరుంటే సరే. నాలుగున్నర ఉంటే మళ్ళీ మొదట్నుంచి కొలుస్తాను. మా అబ్బాయి దీన్ని జబ్బు అంటాడు. పుస్తకం మీద వాడి పేరు లేదు.

ఆరేళ్ళ కిందట ఒక పెళ్ళికి పోతూ కృష్ణ అవతల ఒక పల్లెలో అలాంటిది కనబడింది. నాపరాళ్ళ కప్పు, పాత గోడలు. వసారా నాలుగున్నర అడుగులు, సందేహం లేదు. రెండోసారి కొలుస్తుంటే లోపలినుంచి ఒక ముసలామె వచ్చింది.

"ఎవలు గావాలె?"

"ఎవరూ కాదమ్మా. ఈ ఇల్లు ఎవరు కట్టారు?"

"మా మామ. ఆయన పోయి నలభై ఏండ్లాయె."

"తలపాగా చుట్టేవాడా?"

"చుట్టకుండ ఎవలుంటరు?"

"ఏదైనా పుస్తకం చూసి కట్టాడా? బొమ్మల పుస్తకం?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "పుస్తకమేంది? ఉన్న జాగ గంతే, గంతే కట్టిండు. కోర్టుల కొట్లాడి పాలోళ్ళు మాకు మిగిల్చిన జాగ గంతే." నా చెమట చూసి జాలిపడింది కాబోలు, "జర ఆగు పెద్దాయనా, మంచినీళ్ళు తెస్త" అని లోపలికి పోయింది.

నీళ్ళు తాగి, చెంబు ఇచ్చేసి, దణ్ణం పెట్టాను. కారు దగ్గర మావాళ్ళు హారను కొడుతున్నారు. ఆ వీధి చివర, చింతచెట్టు వెనక, ఇంకో చిన్న ఇల్లు ఉంది.